సోమలింగం పుట్టకముందే సంబరం

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మనం ఎగతాళికే వాడతాం. అమెరికాలోని కళాశాల బాస్కెట్‌బాల్ చరిత్ర చదువుతూంటే నాకు ఆ సోమలింగం మీద కొంచెం గౌరవం కలిగింది. అక్కడ ఏటా లక్షలాది అభిమానులు చేసేది సరిగ్గా ఇదే. తమ జట్టు తరఫున ఒక్కసారి కూడా బంతి పట్టని, ఉన్నత పాఠశాల చదువైనా ఇంకా పూర్తికాని కుర్రవాడి పేరు జపిస్తారు. వాడు రాబోయే ఏడాదికి కప్పు గెలిచేస్తారు. వాడు వచ్చేలోపు మరుసటి ఏడాది రాబోయేవాడి పేరు కంఠతా పట్టేస్తారు.

సినిమా విడుదల కాకముందే కటౌట్లకు పాలాభిషేకాలు చేసే నేల మీద పుట్టినవాళ్ళం కనుక ఈ సంబరం మనకు వింతగా తోచదు. నన్ను ఆకర్షించింది సంబరం కాదు, దాని చరిత్ర. దాదాపు ఎనభై ఏళ్ళ పైబడిన ఆ చరిత్రలో ఆశ అభిమానులది, ఆదాయం సంస్థలది. ఖర్చు మాత్రం చాలాకాలం పద్దెనిమిదేళ్ళ పిల్లల ఖాతాలోనే పడింది. ఈ టపా ఆ ఖాతా గురించి.

ముందుగా కొంచెం పూర్వరంగం. అమెరికాలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని ఫ్రెష్‌మన్ అంటారు. ఆటగాడు కళాశాల జట్టుకు ఆడగలిగేది కొన్నేళ్ళే. కాబట్టి ప్రతి జట్టూ ఏటా కొందరిని పోగొట్టుకుంటుంది, కొత్తవాళ్ళను వెతుక్కుంటుంది. విశ్వవిద్యాలయాల శిక్షకులు దేశమంతా తిరిగి, ప్రతిభ గల పిల్లల ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులతో మాట్లాడి, ఉపకార వేతనం ఇచ్చి తీసుకువస్తారు. ఆ కుర్రవాడు ఒప్పంద పత్రం మీద సంతకం చేసిన రోజునుంచే అభిమానుల లెక్కలు మొదలవుతాయి.

ఒకప్పుడు ఆ లెక్కలకు ఏడాదిపాటు అడ్డుకట్ట ఉండేది. 1972కు ముందు సాధారణంగా మొదటి సంవత్సరం విద్యార్థి ప్రధాన జట్టులో ఆడకూడదు. ముందు చదువుకు, కొత్త ఊరికి అలవాటుపడాలి, ఆట తర్వాత అన్నది నియమం. ఫ్రెష్‌మన్‌లకు వేరే జట్టు, వేరే పోటీలు. యుద్ధకాలంలో మాత్రం ఈ నియమాన్ని సడలించారు, ఎందుకంటే పెద్దపిల్లలంతా సైన్యంలో ఉన్నారు. ఆ సడలింపు పుణ్యమా అని 1944లో ఒక అద్భుతం జరిగింది. యూటా విశ్వవిద్యాలయం ఎక్కువగా మొదటి సంవత్సరం పిల్లలతో నిండిన జట్టుతో న్యూయార్క్ వెళ్ళి, అప్పట్లో పెద్దపేరున్న ఎన్‌ఐటీ పోటీలో మొదటి ఆటలోనే కెంటకీ చేతిలో ఓడింది. ఇంతలో ఎన్‌సీఏఏ పోటీలో ఆడవలసిన ఆర్కన్సా జట్టు రోడ్డు ప్రమాదానికి గురై తప్పుకుంది. ఆ ఖాళీలోకి యూటావారు వెళ్ళారు. ఫైనల్లో డార్ట్‌మత్‌ను అదనపు సమయంలో 42-40 తేడాతో ఓడించి దేశ విజేతలయ్యారు. ఆ పోటీ ఉత్తమ ఆటగాడు ఆర్నీ ఫెరిన్ కూడా మొదటి సంవత్సరం వాడే. యుద్ధం ముగిసింది, పెద్దవాళ్ళు తిరిగివచ్చారు, అడ్డుకట్ట మళ్ళీ లేచింది.

అడ్డుకట్ట ఉన్నచోట నీరు పేరుకుంటుంది. 1965లో ఆ నీరు లాస్ ఏంజెలెస్‌లో పొంగింది. న్యూయార్క్‌లోని పవర్ మెమోరియల్ పాఠశాలలో చదివిన, ఏడడుగులు దాటిన లూ ఆల్సిండర్ అనే కుర్రవాడి కోసం దేశంలోని కళాశాలలన్నీ పోటీపడ్డాయి. అతను యూసీఎల్‌ఏను ఎంచుకున్నాడు. అప్పటికి జాన్ వుడెన్ శిక్షణలోని యూసీఎల్‌ఏ 1964, 1965 సంవత్సరాల్లో వరుసగా దేశ విజేత. 1965 నవంబర్ 27న కొత్తగా కట్టిన పాలీ పెవిలియన్‌లో మొదటి ఆట ఏర్పాటు చేశారు. బయటి జట్టేదీ లేదు. దేశ విజేతలైన ప్రధాన జట్టుకు ఎదురుగా నిలిచింది అదే కళాశాల మొదటి సంవత్సరం జట్టు.

పిల్లలు 75-60 తేడాతో గెలిచారు. ఆల్సిండర్ ఒక్కడే 31 పాయింట్లు చేశాడు, 21 రీబౌండ్లు పట్టాడు. ఆ ఏడాది యూసీఎల్‌ఏ దేశంలో మొదటి స్థానం, సొంత కళాశాలలో రెండో స్థానం అని ఒక ఛలోక్తి పుట్టింది. ఛలోక్తి వెనుక చేదు కూడా ఉంది. ఆ పిల్లలు తమ స్థాయి జట్లతో ఆడిన 21 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. వాళ్ళను వాడుకునే వీల్లేని ప్రధాన జట్టు మాత్రం 18 గెలిచి 8 ఓడి, జాతీయ పోటీకే వెళ్ళలేకపోయింది. అభిమానులు ఏడాదంతా గాజు అల్మారాలో మిఠాయి చూసినట్టు చూశారు. తర్వాతి మూడేళ్ళూ ఆ ఆశకు వడ్డీతో సహా ఫలితం దక్కింది. 88 విజయాలు, 2 ఓటములు, మూడు జాతీయ విజయాలు. ఆల్సిండర్ ఆధిక్యాన్ని ఎలా ఆపాలో తెలియక 1967లో బంతిని పైనుంచి బుట్టలోకి కుక్కే డంక్‌నే నిషేధించారని ఇప్పటికీ చాలామంది నమ్మకం. ఆ నిషేధం 1976 దాకా ఉంది. ఆల్సిండరే తర్వాతి కాలపు కరీం అబ్దుల్ జబ్బార్.

ఆ రోజుల్లోనే లూయిసియానాలో ఇంకొక విచిత్రం. ఎల్‌ఎస్‌యూ జట్టు ఆడే భవనం పశుప్రదర్శనల కోసం కట్టిన వ్యవసాయ ప్రాంగణం. 1966-67లో పీట్ మారవిచ్ అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థి. తండ్రి ప్రెస్ మారవిచ్ ప్రధాన జట్టు శిక్షకుడు. ముందు ఫ్రెష్‌మన్‌ల ఆట, తర్వాత ప్రధాన జట్టు ఆట ఉండేవి. ఆటకు సగటున 43 పాయింట్లకు పైగా చేస్తున్న కొడుకును చూడడానికి జనం విరగబడేవారు. అది అయిపోగానే లేచి వెళ్ళిపోయేవారు. తండ్రి జట్టు ఆ ఏడాది 3 ఆటలు గెలిచి 23 ఓడింది. కొడుకు కోసం నిండిన కుర్చీలు తన ఆటకు వచ్చేసరికి ఖాళీ అవుతూంటే ఆ తండ్రికి సంతోషమో, బాధో!

1972 జనవరిలో ఎన్‌సీఏఏ ఆ అడ్డుకట్టను తీసేసింది. 1972-73నుంచి మొదటి సంవత్సరం వాళ్ళు బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ప్రధాన జట్లలో ఆడవచ్చు. ఈ మార్పుకు పెద్ద కారణం ఖర్చు. రెండేసి జట్లను పోషించడం కళాశాలలకు భారమైంది. చదువుకు అలవాటుపడడానికి పిల్లవాడికి ఇచ్చిన ఏడాది అలా పొదుపు పద్దులో కలిసిపోయింది. ఈ చరిత్రలో నియమాలు మారినప్పుడల్లా కారణం డబ్బేనన్న సంగతి గుర్తుంచుకోవాలి.

దీనికి కొద్ది నెలల ముందు, 1971 అక్టోబర్ 15న, మేరీలాండ్ శిక్షకుడు లెఫ్టీ డ్రీసెల్ ఒక పని చేశాడు. సాధన మొదలుపెట్టడానికి నిబంధనలు అనుమతించిన రోజు అది. తెల్లవారేదాకా ఆగడమెందుకని అర్ధరాత్రి దాటిన మూడు నిమిషాలకే తన పిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తించాడు. వెలుతురు కోసం కార్ల దీపాలు వేశారు. ఆ పరుగే తర్వాత దేశమంతా పాకిన అర్ధరాత్రి పండుగకు నాంది. కెంటకీలాంటి చోట్ల అది పెద్ద జాతర. టిక్కెట్ల కోసం అభిమానులు గుడారాలు వేసుకుని రోజులతరబడి పడిగాపులు పడిన సందర్భాలున్నాయి. ఆ రాత్రి జరిగేది సాధన మాత్రమే. గెలుపూ ఓటమీ ఉండవు. జనం వచ్చేది కొత్త ముఖాలు చూడడానికి.

నియమం మారాక కొత్తవాళ్ళు వెంటనే వెలిగారు. 1982 ఫైనల్లో నార్త్ కరోలినాను 63-62తో గెలిపించిన బంతి వేసింది మొదటి సంవత్సరం విద్యార్థి మైకేల్ జోర్డాన్. 1986లో లూయివిల్ కుర్రవాడు పర్విస్ ఎలిసన్ ఫైనల్ పోటీల ఉత్తమ ఆటగాడయ్యాడు. ఫెరిన్ తర్వాత ఆ గౌరవం ఒక ఫ్రెష్‌మన్‌కు దక్కడం అదే మొదటిసారి. అయినా వీళ్ళంతా పెద్దవాళ్ళ మధ్య మెరిసిన పిల్లలు. పిల్లలే జట్టంతా అయితే ఎలా ఉంటుందో చూడడానికి 1991 దాకా ఆగవలసి వచ్చింది.

మిచిగన్ విశ్వవిద్యాలయం 1989లో దేశ విజేత. రెండేళ్ళు తిరిగేసరికి, 1990-91లో, 14 గెలిచి 15 ఓడే స్థితికి దిగజారింది. శిక్షకుడు స్టీవ్ ఫిషర్ ఆ కాలంలోనే ఐదుగురిని ఒప్పించాడు. షికాగోనుంచి జువాన్ హోవర్డ్, డెట్రాయిట్‌నుంచి క్రిస్ వెబ్బర్, జేలెన్ రోజ్, టెక్సస్‌నుంచి జిమ్మీ కింగ్, రే జాక్సన్. మొదటి నలుగురూ ఆ ఏడాది దేశంలోని మేటి ఉన్నత పాఠశాల ఆటగాళ్ళకు ఇచ్చే మెక్‌డొనాల్డ్స్ ఆల్ అమెరికన్ గుర్తింపు పొందినవాళ్ళు. అంతటి నలుగురు ఒకే కళాశాలలో ఒకేసారి చేరడం అభిమానుల ఊహకు కూడా ఎక్కువే. వాళ్ళకు ఫ్యాబ్ ఫైవ్ అని పేరు వచ్చేసింది.

ఈ ఐదుగురూ ఎక్కడినుంచి వచ్చారో చూస్తే ఆ సంబరం కింద ఉన్న నేల కనిపిస్తుంది. వెబ్బర్ తండ్రి జనరల్ మోటార్స్ కర్మాగారంలో కార్మికుడు. రోజ్ తండ్రి వృత్తి బాస్కెట్‌బాల్‌లో పేరున్న ఆటగాడే, కానీ ఆ కొడుకు ఆయనను ఎన్నడూ కలవలేదు. హోవర్డ్‌ను పెంచింది అమ్మమ్మ. అతను మిచిగన్ పత్రం మీద సంతకం చేసిన రోజునే ఆమె కన్నుమూసింది. అభిమానులకు అది తమ జట్టు భవిష్యత్తు మొదలైన రోజు, ఆ పిల్లవాడికి ఇల్లు మూతపడిన రోజు.

వాళ్ళు వదులుగా మోకాళ్ళ దాకా జారే నిక్కర్లు, నల్ల మేజోళ్ళు వేసుకున్నారు. గుండు చేయించుకున్నారు. ఆడుతూ మాట్లాడారు, నవ్వారు, ఎదుటివాళ్ళను కవ్వించారు. పెద్దవాళ్ళకు అది పొగరుగా కనిపించింది. పిల్లలకు, ముఖ్యంగా నల్లజాతి యువతకు, తమ వీధి ఆట టీవీలోకి వచ్చినట్టు అనిపించింది. 1991 డిసెంబర్ 14న దేశ విజేత డ్యూక్‌తో అదనపు సమయం దాకా పోరాడి 88-85తో ఓడారు. 1992 ఫిబ్రవరి 9న నోటర్ డేమ్ మీద ఐదుగురూ మొదటిసారి కలిసి ఆట ప్రారంభించారు. ఆ రోజు మిచిగన్ చేసిన ప్రతి పాయింటూ ఆ ఐదుగురి చేతినుంచే వచ్చింది. ఆ ఏప్రిల్‌లో, ఐదుగురు ఫ్రెష్‌మన్‌లతో ఆట మొదలుపెట్టిన తొలి జట్టుగా జాతీయ ఫైనల్‌కు వెళ్ళారు. సగం ఆటకు ఒక పాయింటు ముందున్నారు కూడా. చివరికి డ్యూక్ 71-51తో గెలిచింది.

మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్. ప్రత్యర్థి నార్త్ కరోలినా. 11 సెకండ్లు మిగిలి, రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, ఒక మూలలో చిక్కుకున్న వెబ్బర్ టైమౌట్ అడిగాడు. మిచిగన్‌కు టైమౌట్లు అప్పటికే అయిపోయాయి. టెక్నికల్ ఫౌల్ పడింది, ఆట 77-71తో చేజారింది. ఆ రాత్రి వెబ్బర్ 23 పాయింట్లు చేశాడన్నది తక్కువమందికి గుర్తు. ఆ చేతి సైగ మాత్రం అందరికీ గుర్తు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు.

ఆ జట్టు దేశ విజేత కాలేదు, తమ బిగ్ టెన్ సమాఖ్యలో సైతం ఒక్క విజేత పతాకం గెలవలేదు. కానీ వాళ్ళ చొక్కాలు, నిక్కర్లు, మేజోళ్ళు దేశమంతా అమ్ముడుపోయాయి. ఆ అమ్మకాల్లో ఆటగాళ్ళకు ఒక్క డాలరు రాదు. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు ఇస్తున్నాం కదా, మీరు విద్యార్థులు, వృత్తి ఆటగాళ్ళు కారు అన్నది నియమం.

బాకీ వేరే దారిలో బయటపడింది. ఎడ్ మార్టిన్ అనే విశ్రాంత ఫోర్డ్ ఎలక్ట్రీషియన్ కార్ల కర్మాగారాల్లో చట్టవిరుద్ధమైన లాటరీ నడిపేవాడు. 2002లో అతను నేరం ఒప్పుకుంటూ, వేర్వేరు ఏళ్ళలో మిచిగన్‌కు ఆడిన నలుగురికి మొత్తం 6,16,000 డాలర్లు ఇచ్చానని చెప్పాడు. ఫ్యాబ్ ఫైవ్‌లో ఆ నలుగురిలో ఉన్నది వెబ్బర్ ఒక్కడే. అతను 2003లో న్యాయస్థాన ధిక్కార నేరం ఒప్పుకున్నాడు. విశ్వవిద్యాలయం 1992 ఫైనల్ ఫోర్ ఆటలనూ, 1992-93 మొత్తాన్నీ రికార్డులనుంచి తొలగించింది. 2002 నవంబర్‌లో రెండు పతాకాలూ కిందికి దిగాయి. వాటిని చుట్టచుట్టి విశ్వవిద్యాలయ చరిత్ర పత్రాలు దాచే బెంట్లీ గ్రంథాలయంలో పెట్టారు. వెబ్బర్‌తో విశ్వవిద్యాలయం పదేళ్ళపాటు, 2013 దాకా, సంబంధం పెట్టుకోకూడదని ఎన్‌సీఏఏ ఆదేశించింది.

వెబ్బర్ తప్పు చేయలేదని నేను వాదించడం లేదు. సాక్ష్యంలో దాచడం తప్పే. కానీ పద్దు రెండువైపులా చూడాలి. అమ్మిన చొక్కాల డబ్బును ఎవరూ వెనక్కి ఇవ్వలేదు, నిండిన కుర్చీల టిక్కెట్లు తిరిగి చెల్లించలేదు. రికార్డులనుంచి చెరిగింది పిల్లల ఆట మాత్రమే.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. ఉన్నత పాఠశాలనుంచి నేరుగా వృత్తి ఆటలోకి వెళ్ళడాన్ని ఎన్‌బీఏ 2005 ఒప్పందంలో ఆపేసింది. 2006నుంచి అమెరికా ఆటగాడికి 19 ఏళ్ళు నిండాలి, పాఠశాల ముగిసి ఏడాది గడవాలి. ఆ ఏడాది గడపడానికి మేటి పిల్లలు కళాశాలకు వచ్చారు. టెక్సస్‌కు కెవిన్ డ్యూరాంట్, ఒహాయో స్టేట్‌కు గ్రెగ్ ఓడెన్ అలా వచ్చి, 2007లో ఏడాది తిరిగేసరికి వెళ్ళిపోయారు. జాన్ కాలిపరి కెంటకీలో దీన్ని ఒక పద్ధతిగా మార్చాడు. 2012లో ఆంథొనీ డేవిస్ వంటి ఫ్రెష్‌మన్‌లతో దేశ విజేత అయ్యాడు. డేవిస్ ఫైనల్లో 6 పాయింట్లే చేసినా 16 రీబౌండ్లతో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ వేసవిలోనే వెళ్ళిపోయాడు. 1965లో అభిమానులు ఏడాది ఆగి మూడేళ్ళు చూశారు. ఇప్పుడు రెండేళ్ళు ఎదురుచూసి ఆరు నెలలు చూస్తున్నారు. నిరీక్షణే పెద్దదైంది, కాపురం చిన్నదైంది.

2019 ఫిబ్రవరి 20న డ్యూక్, నార్త్ కరోలినా ఆట జరిగింది. మాజీ అధ్యక్షుడు ఒబామా సైతం చూడవచ్చాడు. ఆట మొదలై నిమిషమైనా కాకముందే డ్యూక్ ఫ్రెష్‌మన్ జయాన్ విలియమ్సన్ బూటు పగిలిపోయి మోకాలు గాయపడింది. ఆ కుర్రవాడిని చూడడానికి జనం భారీగా డబ్బు పోశారు, అతనికి మాత్రం అందులో భాగం లేదు. ఆ మోకాలే పోయి ఉంటే అన్న ప్రశ్న ఆ రాత్రి దేశమంతా అడిగింది.

జవాబు న్యాయస్థానాల్లో దొరికింది. 1995లో యూసీఎల్‌ఏను గెలిపించిన ఎడ్ ఓబానన్, ఒక వీడియో ఆటలో తన రూపాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారని 2009లో వేసిన దావాతో తలుపు కదిలింది. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ జూలై 1నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ ఒప్పందంతో కళాశాలలే నేరుగా చెల్లించే వీలు వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 2024లో 17 ఏళ్ళకే డ్యూక్‌లో చేరి, ఆ ఏడాది దేశపు ఉత్తమ ఆటగాడై, 2025లో వెళ్ళిపోయిన కూపర్ ఫ్లాగ్ ఈ కొత్తకాలం పిల్లవాడు. అతని చొక్కా కొన్నవాడు ఇచ్చిన డబ్బులో అతని వంతు దొంగతనం కాదు.

డబ్బు వచ్చాక ఆటలో పవిత్రత పోయిందని బాధపడేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. పవిత్రత అన్న మాటను ఎక్కువగా వాడింది ఆ పవిత్రత మీద సంపాదించినవాళ్ళే. అభిమానుల ప్రేమకు డబ్బుతోనూ, ఆఖరికి గెలుపుతోనూ కూడా పెద్దగా పని లేదని ఫ్యాబ్ ఫైవ్ కథే రుజువు. కప్పు లేదు, పతాకాలు లేవు, 1992-93లో గెలిచిన 31 ఆటలు అధికార పట్టికల్లో లేవు. అయినా మిచిగన్ అభిమానులకు ఆ ఐదు పేర్లూ నోటికి వచ్చు. 2019లో జువాన్ హోవర్డ్ అదే జట్టుకు శిక్షకుడై తిరిగివస్తే, అమ్మమ్మ పోయిన రోజున సంతకం చేసిన పిల్లవాడే మళ్ళీ వచ్చాడని సంబరపడ్డారు. 2021లో వెబ్బర్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు.

సోమలింగానికి ముందుగా పేరు పెట్టడం తప్పేమీ కాదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని నమ్మేవాళ్ళు లేకపోతే తోటలెవరు వేస్తారు? ఆ పేరు చెప్పి ఊరంతా చందాలు వసూలు చేసి, పుట్టిన పిల్లవాడి చేతికి దమ్మిడీ ఇవ్వకపోవడమే తప్పు. ఆ తప్పు దిద్దుకోవడానికి అమెరికాకు 1965నుంచి లెక్కించినా యాభై ఆరేళ్ళు పట్టింది.

మీలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివినవారు ఎవరైనా ఆ అర్ధరాత్రి జాతరలు కళ్ళారా చూసి ఉంటే ఇక్కడ నాలుగు మాటలు రాయండి. కొత్త ముఖం వెలుగులోకి పరుగెత్తుకు వచ్చిన క్షణంలో ఆ హోరు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది.